నాగా రోజుల లెక్క

మా తాత జీతగాడు. నేను జీతం తీసుకునేదాన్ని. ఈ రెండు మాటల మధ్య మా ఇంటివాళ్ళు మూడు తరాలు నడిచిన దూరం ఉందని నేను చాలాకాలం నమ్మాను. డిగ్రీ చదువుకునేటప్పుడు నమ్మాను. మా మాదిగపల్లెలో డిగ్రీ దాకా పోయిన మొదటి ఆడపిల్లని గదా, నమ్మకపోతే ఎట్లా. డీఎస్సీ 2014 రాసి, 2016లో సెకండరీ గ్రేడ్ టీచరు ఆర్డరు చేతికందుకున్న రోజు మరీ గట్టిగా నమ్మాను. 2023 చివర్లో ఒంట్లో బాగాలేక జీతం లేని సెలవు పెట్టాకనే ఆ దూరాన్ని మళ్ళీ కొలిచి చూసుకోవాల్సి వచ్చింది.

తాత సంగతి నేను చూసింది కాదు, మా నాయనమ్మ చెప్పింది. ఊళ్ళో కామందు దగ్గర ఏడాది జీతానికి ఉండేవాడు. ఉగాది నుంచి ఉగాదికి ఒప్పందం. ఇన్ని బస్తాల వడ్లు, ఒక పంచె, ఒక దుప్పటి. చెప్పులు మాత్రం ఒప్పందంలో లేవు, చెప్పులు కుట్టి ఆ ఇంటికి ఇచ్చేదే మేము గదా. తెల్లారకముందు పోయి పేడ ఎత్తాలి, రాత్రి ఎడ్లకి మేత వేసి రావాలి. ఒక్క రోజు పోకపోతే నాగా. కామందు కొట్టం గోడ మీద బొగ్గుతో ఒక గీత. ఒక వానాకాలం తాతకి చలిజొరం పట్టి పద్దెనిమిది రోజులు లేవలేదు. పద్దెనిమిది గీతలు. ఆ నాగాలకి బదులు మనిషినన్నా పంపాలి, లేకపోతే ఉగాది దాటినాక ఆ రోజులు ఊరికే చేసి తీర్చాలి. మా నాయనకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆయన పోయాడు బదులు. పోయినవాడు మళ్ళీ బడికి రాలేదు. మా నాయన చదువు ఆ పద్దెనిమిది గీతల కింద పోయింది.

అదే ఏడు కామందు ఎద్దుకి గాలికుంటు తగిలితే టౌన్నుంచి పశువుల డాక్టర్ని బండి కట్టించి తీసుకొచ్చారంట. ఈ మాట చెప్పేటప్పుడు నాయనమ్మ ఏడ్చేది కాదు, నవ్వేది. “ఎద్దుని కొనుక్కున్నాడమ్మాయ్. మీ తాతని కొనుక్కోలేదుగా. కొన్న సొమ్ముని కాపాడుకుంటారు, బాడుగ సొమ్ముని ఎవరు కాపాడతారు?” అనేది.

చిన్నప్పుడు అది కథ. ముప్పై ఐదో ఏట అది నా సర్వీసు రిజిష్టరు.

2023 జులైలో మొదలైంది. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకుపోయి సుద్దముక్క పట్టేవి కావు. రోజూ సాయంత్రానికి జొరం. ముఖం మీద ఎర్రగా దద్దు. ఆరెంపీ దగ్గర టైఫాయిడ్ అన్నారు, టౌన్లో కీళ్ళవాతం అన్నారు. సెప్టెంబరులో పెద్దాసుపత్రిలో రక్తపరీక్షలన్నీ అయ్యాక లూపస్ అన్నారు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే తిరగబడి ఒంటిని కొరుక్కుతినే జబ్బంట. డాక్టరు అది చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. కాపలా కాయాల్సినవాళ్ళే మీదపడటం మా పల్లెలకి కొత్తా? 1991 నాటి చుండూరు మాకు పక్క మండలమే. స్టెరాయిడ్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్ రాసి, ఎండ తగలకూడదన్నారు. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “ఎండ తగలకుండా బతకాల్సిన జబ్బు మనకెందుకొచ్చిందే? అది దొరసానుల జబ్బు గదా!”

ఇక సెలవుల లెక్క. సెలవు అనేది ఒక చదువు. సర్వీసులో చేరిన ఏడేళ్ళకి ఏడాదికి ఇరవై చొప్పున నా ఖాతాలో 140 అర్ధజీతపు సెలవులున్నాయి. డాక్టరు సర్టిఫికెట్ మీద వాటిని కమ్యూట్ చేసుకుంటే 70 రోజులు నిండు జీతం. అవి సెప్టెంబరు మూడోవారంలో మొదలై నవంబరు ఆఖరుకి అయిపోయినై. టీచర్లకి వేసవి సెలవులున్నాయని ఈఎల్‌లు ఏడాదికి ఆరే ఇస్తారు. ఆ కాసిన్నీ పిల్లలు పుట్టినప్పుడూ వాళ్ళ జొరాలకీ వాడేసుకున్నాను. టీబీ, కుష్టు, క్యాన్సర్, మానసిక జబ్బు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అర్ధజీతపు సెలవుని ఆరు నెలల దాకా నిండు జీతంతో వాడుకునే వెసులుబాటు జీవోల్లో ఉంది. మండలాఫీసు గుమాస్తా ఆ జాబితా మీద వేలు పెట్టి కిందిదాకా చదివి, నా జబ్బు లేదన్నాడు. ఆయనది మంచి మనసే, నా మొహం చూసి, “లూపస్ కిడ్నీకి పాకుతుందంట గదా మేడం, పాకితే మీకూ వస్తుంది” అన్నాడు. ఓదార్పే అది. పాకాలని కోరుకోవాలో వద్దో నాకు తెలీలేదు.

డిసెంబరు ఒకటి నుంచి అసాధారణ సెలవు. జీతం లేదు. దానికి నేను సిద్ధపడ్డాను. మా ఆయనది పెళ్ళిళ్ళ ఫొటోల పని, ముహూర్తాలుంటే డబ్బు, లేకపోతే లేదు. పాలు తగ్గించుకున్నాం, పిల్లల ఆటో మానిపించాం. జీతం లేని బతుకు మాకు తెలియనిదేం కాదు. నేను సిద్ధపడనిది ఇంకొకటుంది.

మా జీతం స్లిప్పులో కోతల గళ్ళు వరసగా ఉంటాయి. ఏపీజీఎల్ఐ, జీఐఎస్, సీపీఎస్, ఈహెచ్ఎస్. ఈ చివరిది ఉద్యోగుల ఆరోగ్య పథకం. 2013 చివర్లో వచ్చింది. మొదట్లో మాలాంటి చిన్న గ్రేడు వాళ్ళకి నెలకి 90 రూపాయలు పట్టుకునేవాళ్ళు, తర్వాత అది 225 అయింది. దానికి బదులు ఒక కార్డు. నా కార్డులో ఐదుగురం: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. ఏడేళ్ళలో ఒక్కసారే తీశాం, మా అమ్మ కంటి ఆపరేషనుకి. అంతకుముందు ఉద్యోగులకి ఉన్న పద్ధతి రీయింబర్స్‌మెంటు, అదిప్పుడూ ఉంది. ముందు మన డబ్బు కట్టి, బిల్లులు పెట్టి, తర్వాత తెచ్చుకోవటం. ముందు కట్టగలిగినవాడికే ఆ హక్కు. ఇంట్లో లక్ష రూపాయలు ఎప్పుడూ ఒకచోట చూడని మాకు ఆ కార్డే పెద్ద గొడుగు.

2024 సంక్రాంతి ముందు నాకు ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. రాత్రి పదకొండింటికి కార్డు పట్టుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. కౌంటరులో ఆరోగ్యమిత్ర పిల్లవాడు నంబరు కొట్టి చూశాడు. మళ్ళీ కొట్టాడు. “మేడం, నవంబరు తర్వాత కటింగ్ పడలేదు. ఆన్‌లైన్లో తీసుకోవట్లేదు” అన్నాడు. నేను వీల్‌చైర్లో కూర్చుని ఉన్నాను, కూర్చుంటేనే ఊపిరి ఆడుతుంది, పడుకుంటే ఆడదు. మా ఆయన ఆ పిల్లవాడితో అరుస్తున్నాడు, అరిచి లాభం లేదని ఆయనకీ తెలుసు. నలభై వేలు అడ్వాన్సు కట్టమన్నారు. అమ్మ చెవులకున్న కమ్మలు తీసి రుమాల్లో కట్టి మా ఆయన చేతిలో పెట్టింది. అవి నా మొదటి జీతాలతో చేయించినవి. తెల్లారి అవి కుదువకి పోయినై, తక్కినది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. తొమ్మిది రోజులున్నాను.

ఆ తొమ్మిది రోజుల్లో నాకు వచ్చిన ఆలోచన ఇది. పని చెయ్యగలిగినంత కాలం నాకు కార్డు ఉంది, అప్పుడు దాని అవసరం లేదు. పని చెయ్యలేని నాడు అవసరం పడింది, అప్పుడది లేదు. ఇది ఎవరో ఒక గుమాస్తా తప్పు కాదు. ఆఫీసుకి పోయి అడిగితే ఆయన లెక్క చెప్పాడు, “జీతం బిల్లు ఉంటేనే కటింగ్. కటింగ్ ఉంటేనే కార్డు. మీకు బిల్లు లేదు గదా మేడం.” ఆ 225 నేనే కడతానన్నాను. “ఎక్కడ కడతారు? దానికి పద్దు ఉండాలి గదా, చలానా ఏ పద్దు మీద రాయాలి?” అన్నాడు. కట్టటానికి నా దగ్గర డబ్బుంది, తీసుకోవటానికి వాళ్ళ దగ్గర గడి లేదు. ఏడాదంతా కట్టినా 2,700 రూపాయలు. అదొక మనిషి ఊపిరికి అడ్డం పడింది. ఆ లెక్కలో తప్పు లేదు. కొట్టం గోడ మీద బొగ్గుగీతల లెక్కలో మాత్రం ఏం తప్పుంది? పద్దెనిమిది రోజులు రాలేదు, పద్దెనిమిది గీతలు.

ఒక ప్రైవేటు పాలసీ తీసుకోమని మా ఆయన స్నేహితుడు ఏజెంటుని పంపాడు. ఆయన నిజాయితీగానే చెప్పాడు, ఉన్న జబ్బుకి నాలుగేళ్ళు ఆగాలని. ఆ హద్దుని 2024లోనే మూడేళ్ళకి తగ్గించారు. మూడేళ్ళయినా ఊపిరి ఆగుతుందా?

మా సంఘం నాయకుడొకాయన, వేరే కులం మనిషి, నిజంగా నా మేలు కోరేవాడు, చూడటానికొచ్చి అన్నాడు, “చూడమ్మా, ఇన్సూరెన్స్ అంటే చీటీ పాట లాంటిది. కట్టనివాళ్ళకి కూడా ఇస్తే కట్టేవాళ్ళ మీద పడదా? బాధగానే ఉంటది, కానీ న్యాయం అదే గదా.” ఆయన మాట నేను తేలిగ్గా తీసెయ్యలేదు. మంచం మీద పడుకుని చాలా రోజులు దాంతోనే పోట్లాడాను.

మా పల్లెలో చీటీ పాట ఉంది, చావు చందా కూడా ఉంది. రెండూ ఇంటింటికీ డబ్బులు వసూలు చేసేవే. చీటీలో ఒక నెల కట్టకపోతే నీ పేరు పోతుంది. చావు చందా అట్లా కాదు. ఎవరింట్లో మనిషి పోయినా గడపకింత అని పెద్దలు తిరుగుతారు. పెట్టె, పాడి, గుంట, వచ్చినవాళ్ళకి టీ నీళ్ళు. పోయినవాడి ఇంట్లో పోయినసారి ఇచ్చారా లేదా అని లెక్క చూసి గుంట తవ్వరు. అబద్ధం చెప్పకూడదు, ఒకింటివాళ్ళు వరసగా రెండుసార్లు ఇవ్వకపోతే మూడోసారి వాళ్ళింట్లోనే చావొచ్చినప్పుడు పెద్దలు గొణిగారు. గొణిగారు గానీ శవాన్ని ఆపలేదు. ఆరోగ్యం ఈ రెంటిలో ఏ జాతిది? నాయకుడు చీటీ జాతిదంటాడు. చీటీ పాడుకుంటే డబ్బు వస్తుంది, వదులుకుంటే లాభం వదులుకున్నట్టు. జబ్బుని ఎవరు పాడుకున్నారు? పైగా నేను ఏడేళ్ళు కట్టాను. ఆ ఏడేళ్ళలో జబ్బు చేసినవాళ్ళు నా 90తో, నా 225తో బాగుపడే ఉంటారు, బాగుపడాలి కూడా. నా వంతు వచ్చేసరికి ఖాళీ గళ్ళు ఆ ఏడేళ్ళని తుడిచేశాయి. ఇది చీటీ న్యాయం కూడా కాదు.

ఈ చిక్కుని ఎవరూ ముందే ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. మా మరిది స్పిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. పది తప్పాడు. 2021లో అతనికి టీబీ వస్తే నేను భయపడ్డాను, అతను భయపడలేదు, ఈఎస్ఐ ఉంది గదా అన్నాడు. అక్కడ కార్మికుడి వాటా కూలిలో నూటికి 0.75, యజమాని వాటా 3.25. జబ్బుపడి పనికి పోని రోజులకి కూలి లేదు కాబట్టి వాటా కూడా లేదు. అయినా హక్కు తెగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి మరుసటి జనవరి నుంచి జూన్ దాకా ఫలం. మామూలు జబ్బుకి ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో నూటికి 70. రెండేళ్ళ సర్వీసుంటే, టీబీ లాంటి 34 దీర్ఘరోగాలకి నూటికి 80, రెండేళ్ళ దాకా. ఆ పద్ధతి పెట్టినవాళ్ళకి ఒక చిన్న సంగతి తెలుసు: జబ్బు చేసినవాడు పనికి పోలేడు.

మనం అంబేడ్కర్‌ని చేతిలో రాజ్యాంగంతోనే చూస్తాం, బొమ్మలు కూడా అట్లానే పెట్టుకుంటాం. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. ఆ కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా ఎట్లా ఉండాలో చూడమని బి.పి. అదార్కర్‌ని నియమించారు. 1944లో ఆయన రిపోర్టు ఇచ్చాడు. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఎండ తగలకుండా ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఇవన్నీ చదివాను. గర్వంగానే అనిపించింది. ఆ వెంటనే మా నాయన గుర్తొచ్చాడు. అది ఫ్యాక్టరీల లెక్క, పొలం కూలీ అందులో లేడు. ఎనభై ఏళ్ళ కిందట మిల్లు కార్మికుడికి అర్థమైన సంగతి మిరప కోతకి పోయే మనిషి దగ్గరికి రాలేదు. బడిలో పాఠం చెప్పే నా దగ్గరికీ రాలేదు.

మా నాయన 2005లో ఛాతీ నొప్పితో పోయాడు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. రెండేళ్ళు. ఆ తర్వాత మా అమ్మకి తెల్లకార్డు ఉండేది, దాంతో ఆరోగ్యశ్రీ కూడా. నాకు ఉద్యోగం వచ్చి అమ్మ నా దగ్గర ఉంటుండేసరికి, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నారని ఆమె కార్డు పోయింది. నేనప్పుడు సంతోషించాను, మనకిక తెల్లకార్డుతో పనేంటి అని. ఇప్పుడు నా కార్డు ఆగితే ఆమెది కూడా ఆగింది, పాతది తిరిగి రాదు. నేను ఎక్కినప్పుడు ఆమె కింద నిచ్చెన తీసేశారు, నేను జారితే ఇద్దరం పడాలి. మా వలంటీరు పిల్ల తెలివైంది, మా అమ్మని మా తమ్ముడింటి మ్యాపింగులోకి మారుద్దాం అంది. వాడు మేస్త్రీ పనికి పోతాడు, వాడికి కార్డుంది. అమ్మ ఒప్పుకోలేదు. “నేనేమన్నా బర్రెనా, ఏ కొట్టంలో కట్టేస్తే ఆ కొట్టం లెక్కలోకి రావటానికి? నేను ఎవరింట్లో ఉంటే ఆ ఇంట్లో ఉన్నట్టే” అంది. ఆమెకి చదువు రాదు. అబద్ధం ఆడనని కాదు ఆమె అన్నది, నన్ను వదిలి తమ్ముడింటికి రాసుకోనని. అది వేరే సంగతి, అయినా నేను వలంటీరు పిల్లకి వద్దనే చెప్పాను.

బడిలో నా గురించి ఏమనుకుంటున్నారో నాకు తెలుస్తూనే ఉంది. మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. నేను లేకపోతే ఐదు తరగతులూ ఒక్క సారు మీదే. ఆయన విసుక్కోవటంలో తప్పులేదు. కాంప్లెక్సు మీటింగుల్లో వినపడ్డ మాట వేరు. “ఆ కోటాలో వచ్చినోళ్ళకి ఉద్యోగం రావటమే పని, చెయ్యటం కాదు.” అదే మీటింగులో, మోకాలి ఆపరేషనుకి ఎనిమిది నెలలు సెలవు పెట్టిన వేరే మేడం గురించి, “పాపం, ఎట్లా ఉందో” అన్నారు. ఆమె జబ్బు ఆమెది. నా జబ్బు మా అందరిదీ. మనకి ఒంట్లో బాగాలేదని డాక్టరు ఒకసారి రాస్తే చాలదు, మన కులం బద్ధకం కాదని రెండోసారి ఎవరో రాయాలి. ఆ రెండో సర్టిఫికెట్ ఏ ఆసుపత్రిలో ఇస్తారో మరి.

ఇక్కడిదాకా నేను బాధపడ్డ మనిషిని. కానీ ఇంకో సంగతి ఉంది, అది రాయకపోతే పై రాతంతా దండగ.

మా బడికి కాలవకట్ట మీది యానాది ఇళ్ళ నుంచి ఒక పిల్లోడు వచ్చేవాడు. 2022లో నా రెండో తరగతి. అప్పుడు అమ్మఒడి పథకం ఉండేది. ఆ ఏడు తల్లి ఖాతాలో 13,000 పడాలంటే పిల్లల హాజరు నూటికి 75 ఉండాలన్నారు. ఆ పిల్లోడికి పచ్చకామెర్లు వచ్చి వాళ్ళమ్మమ్మ ఊళ్ళో ఐదు వారాలున్నాడు. హాజరు 73 దగ్గర ఆగింది. వాళ్ళమ్మ రొయ్యల చెరువుల మీద పనికి పోతుంది. జాబితాలో పేరు రాలేదని విని నా దగ్గరికొచ్చి గడప బయటే నిలబడి అడిగింది. “పిల్లోడు ఆడుకోటానికి ఎగ్గొట్టలా మేడం, జబ్బు జేసి రాలా. రెండ్రోజులు ఎక్కువ ఏసుంటే ఏం పోయేది?” నేను చెప్పిన జవాబు నాకు మాట మాట గుర్తుంది. “రూలమ్మా. నా చేతుల్లో ఏముంది? అబద్ధం రాయమంటావా?” ఆమె ఇంకేం అనలేదు.

ఆ రోజు నేను నిజాయితీగా ఉన్నాననుకున్నాను. మా తాత నాగాల కథ పిల్లలకి చెప్పినదాన్ని, అంబేడ్కర్ జయంతికి ఉపన్యాసం ఇచ్చినదాన్ని, బొగ్గు నా చేతిలో ఉంటే గీత గీశాను. అబద్ధం రాయకపోవటం తప్పని ఇప్పటికీ అనను. హాజరు పట్టీలో రానివాణ్ణి వచ్చాడని రాయకూడదు. కానీ జబ్బు వేరు, ఎగ్గొట్టటం వేరు అని పైకి ఒక కాగితం రాయొచ్చు. హెడ్‌మాస్టరు సంతకంతో, ఆసుపత్రి చీటీతో, మండలాఫీసుకి ఒక అర్జీ. అది పని చేసేదో లేదో చెప్పలేను. నేను రాయలేదు. రాయాలని తోచలేదు కూడా. ఆమె అడిగింది అబద్ధం కాదు, తన బిడ్డ జబ్బు ఒక కారణమని ఎవరన్నా ఒప్పుకోమని అడిగింది. నా కార్డు ఆగిపోయిన రాత్రి నేను కౌంటరులో అడిగింది కూడా అదే.

ఫిబ్రవరిలో నేను చెయ్యాల్సిన పని చేశాను. డాక్టరు ఇంకో మూడు నెలలు రెస్టు అన్నాడు. నాకు నెలనెలా పరీక్షలున్నాయి, మళ్ళీ నీరు చేరితే మళ్ళీ నలభై వేలు లేవు. డ్యూటీలో చేరితే జీతం బిల్లు అవుతుంది, బిల్లులో 225 తెగుతుంది, కార్డు లేస్తుంది. చేరాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. జబ్బుందని రాసిన చెయ్యే బాగుందని రాయాలి. డాక్టరు నా వైపు చూసి, “నువ్వు ఫిట్ కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు” అన్నాడు. “వైద్యం చేయించుకోవటానికే సార్” అన్నాను. ఆయన కాసేపు పెన్ను తిప్పి రాసిచ్చాడు.

పిల్లోడికి రెండు రోజులు అబద్ధం రాయనన్నదాన్ని, నాకు నేను ఆరోగ్యం మొత్తం అబద్ధం రాయించుకున్నాను. ఈ రెండు అబద్ధాలనీ పక్కపక్కన పెట్టి చూస్తుంటాను. నాది తప్పా అంటే, ఊపిరి కోసం ఆడిన అబద్ధాన్ని తప్పనే ధైర్యం నాకు లేదు. నాది తప్పు కాకపోతే ఆమెది ఎట్లా అయింది? ఆమెకి నేను చెప్పిన రూలు నాకు ఎవరూ చెప్పలేదు, డాక్టరు చెప్పొచ్చు, చెప్పలేదు. చదువుకున్నదాన్ని కాబట్టి నా ఎదుట కుర్చీ వేసి మాట్లాడాడు. ఆమె నా గడప బయట నిలబడి మాట్లాడింది. జబ్బున్నవాళ్ళు బాగున్నామని చెప్తేనే మందు దొరికే ఏర్పాటు ఒకటి మనం చేసుకుని, దానిలో ఎవరు నిజాయితీపరులో తేల్చుకుంటున్నాం.

పాతకాలంలో అయితే వచ్చి సంతకం పెట్టి పోయేవాళ్ళంట, ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించాలి. స్టెరాయిడ్లతో ఉబ్బిన నా ముఖాన్ని ఆ యాప్ మొదటి రెండు రోజులు గుర్తుపట్టలేదు. మూడో రోజు పట్టింది. కుర్చీలో కూర్చునే పాఠం చెప్పాను. ఎండ పడకుండా పిల్లలే కిటికీకి గోనెపట్టా కట్టారు. మధ్యాహ్నానికి జొరం వస్తే బెంచీ మీద ఒరిగేదాన్ని, పిల్లలు గొంతులు తగ్గించుకుని ఎక్కాలు చదువుకునేవాళ్ళు. నేను బడికి వచ్చానా నాగా పెట్టానా అంటే, ఆ నెలల గురించి ఏం చెప్పాలో నాకు తెలీదు. ఏప్రిల్లో కార్డు లేచింది. మే నెల పరీక్షలు దాని మీదే అయ్యాయి.

ఆ ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం ఎండ తగ్గాక కాలవకట్ట మీదికి పోయాను. ఆ పిల్లోడి తల్లి చేపల బుట్ట కడుగుతుంది. రెండేళ్ళ కిందట నేను అర్జీ రాయాల్సిందనీ, రాయలేదనీ చెప్పాను. చెప్పటానికి చాలా రోజులు మాటలు కూర్చుకున్నాను గానీ నోట్లోంచి రెండే ముక్కలొచ్చినై. ఆమె బుట్ట బోర్లించి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. పదమూడు వేల సంగతి ఆమె ఎత్తలేదు.

“నీకు జబ్బు తగ్గిందా మేడం?” అంది.

పూర్తిగా తగ్గదంట అన్నాను.

“అయితే మళ్ళా సెలవు పెడతావా?”

తెలీదన్నాను.

“పెట్టేటట్టయితే ముందే చెప్పు. పిల్లోణ్ణి మా అక్క కాడికి పంపిచ్చి ఆ ఊరి బళ్ళో ఏస్తాం. ఆడ ముగ్గురు టీచర్లుండారంట.”